బాబాయి ఆటలో దయ్యాలూ అలిసిపోతాయి

మా కింది వాటా బాబాయి పోయారు. ఆ కబురు పక్క వార్డు నర్సు తెచ్చింది. తలుపు సందులోంచి తల పెట్టి, "దీదీ, మీ బాబాయి..." అని ఆగిపోయింది. అప్పటికి నా చేతిలో ఇంకొకరి చెయ్యి ఉంది. నరం దొరక్క సూది పట్టుకుని వెతుకుతున్నాను. వెతకడం ఆపలేదు. ఈ కరోనా వచ్చాక మాకు ఏడుపు కూడా డ్యూటీ దిగాకే వస్తోంది. సెలైన్ ఎక్కించి, గ్లౌజులు మార్చుకుని పరుగున వెళ్లేసరికి ఆయన మొహం మీద దుప్పటి కప్పేశారు.

సొంత బాబాయి కాదు. సూరత్‌లో అమ్రోలి వైపు మేముండే సొసైటీలో ఆయనది కింది వాటా, నాది పై గది. ఆయనది సిరిసిల్ల పక్క. కుర్రతనంలో మగ్గాల పనికొచ్చి, తర్వాత కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నేర్చుకున్నారు. మాది రాజమండ్రి వైపు. గదిలో దిగిన రోజు నేను "బాబాయ్ గారూ" అంటే, "గారు గీరు ఎందుకు బిడ్డా, బాబాయ్ అను చాలు" అన్నారు. కూతురి పురుడుకని ఊరికి వెళ్లిన చిన్నమ్మ లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయింది. దాంతో కింద ఆయనొక్కరు, పైన నేనొక్కదాన్ని.

ఆ రోజుల్లో సొసైటీ మొత్తానికీ నేనంటే హడలు. ఆసుపత్రి నుంచి రోగం మోసుకొస్తున్నానట! పాలవాడు మా అంతస్తుకి రావడం మానేశాడు. ఒక పొద్దున పార్కింగ్‌లో కుర్చీలు దూరదూరంగా వేసుకుని మీటింగ్ పెట్టారు. మా సెక్రటరీ వరాఛాలో వజ్రాలు సానబట్టే కార్ఖానాలో మేస్త్రీ, పెద్ద మీసాల మనిషి. నెలాఖరుకల్లా నేను గది ఖాళీ చెయ్యాలని తేల్చేశాడు. ఎక్కడికి పోను? కోవిడ్ వార్డులో నర్సునంటే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. ఆసుపత్రి హాస్టల్లో కాలు పెట్టే చోటు లేదు. ఉద్యోగం వదిలేసి ఇంటికి పోదామన్నా రైళ్లు లేవు. బాబాయి లేచి నాకోసం పోట్లాడతారనుకున్నాను. "చూసుకుంటది సాబ్, దొరికేదాకా ఉంటది" అని హిందీలో మెత్తగా చెప్పి కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క మాటైనా గట్టిగా అనలేదేం బాబాయ్?" అని అడిగేశాను.

"జర ఆగు బిడ్డా. గిప్పుడు మనం గట్టిగంటే ఆళ్లు ఇంకింత గట్టిగయితరు" అన్నారు.

మగ్గాలు ఆగిపోయాయి కాబట్టి ఆయనకు డిజైన్ల పని లేదు. మరి ఖాళీగా కూర్చునే మనిషి కాదు. గోడల మధ్య సందుల్లో చుక్కలు తింటూ, తరుముకొచ్చే దయ్యాల నుంచి తప్పించుకునే పాత వీడియో గేమ్ ఉంది కదా, వయసులో ఉన్నప్పుడు ఆయనకు అదంటే పిచ్చి. సూరత్ వచ్చిన కొత్తలో, సెలవు రోజు స్టేషన్ దగ్గర గేమ్ మిషన్ ముందు నిలబడితే అన్నం కూడా గుర్తొచ్చేది కాదట. ఆ ఆటంటే పడిచచ్చేవాళ్లు సొంతంగా తయారుచేసి ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. అలాంటిదొకటి దించుకుని తన ఇష్టం వచ్చినట్టు మార్చడం మొదలుపెట్టారు. మాటిమాటికీ కుర్చీ వెనక్కి జరిపి, చీర డిజైన్ చూసుకున్నట్టే ఒక కన్ను మూసి చూసుకునేవారు.

ఆయన ఆటలో సందులన్నీ మా సొసైటీవే. మూడు వింగులు, పార్కింగ్, నీళ్ల ట్యాంకు, గేటు. ఎడమవైపు చివర బయటికి పోతే కుడివైపు నుంచి లోపలికొస్తాం. "చీరకు గూడ గంతే బిడ్డా, ఈ అంచు ఆ అంచుకు అతకకుంటే డిజైనే గాదు" అనేవారు. దయ్యాలకు మాస్కులు పెట్టారు. వాటిలో ఒకదానికి మాస్కు మీద కళ్లద్దాలు, రెండు పక్కలా బయటికొచ్చిన మీసం! ఎవరో చెప్పక్కర్లేదు. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా నవ్వాను.

కానీ అసలు ఆటలో పెద్ద చుక్క తింటే కాసేపు మనమే దయ్యాల్ని తినేయొచ్చు; తిన్న దయ్యం నడుమనున్న తన ఇంట్లోకి పోయి మళ్లీ పుడుతుంది. ఆ తినడం తీసేశారు. ఈయన ఆటలో దయ్యాలు తరిమి తరిమి అలిసిపోతాయి. అలిసినది ఉన్నచోటే చతికిలబడుతుంది, పక్కన చిన్న చాయ్ గ్లాసు వస్తుంది.

"అదేంటి బాబాయ్! ఆ సెక్రటరీని ఒక్కసారైనా తినెయ్యాలని ఉంది నాకు."

"తింటె ఏమొస్తది? నడిమింట్లకు వొయ్యి మల్ల వుట్టుకొస్తడు. తరిమెటోడు గూడ మనిషే గదా, అలుస్తడు. కూసోనియ్. నువ్వు పక్కపొంటి పో."

నాకు నచ్చలేదు. పద్నాలుగు గంటల డ్యూటీ చేసొచ్చిన మనిషికి నీతులు నచ్చవు.

ఆట పిల్లల ఫోన్లలోకి పాకింది, వాళ్ల నుంచి పెద్దలకు. మూడో రోజుకి సెక్రటరీ ఫోన్ రానే వచ్చింది. బాబాయి స్పీకర్ పెట్టారు. "మేరీ మూఛ్ ఇత్నీ బడీ హై క్యా?" అని కేకలు. మీసం మరీ అంత పెద్దదా అని ఆయన బాధ. బాబాయి తప్పయిపోయిందని చెప్పి మర్నాటికి మీసం కత్తిరించారు. మళ్లీ ఫోన్. మిగతా దయ్యాలకంటే తను ముందే ఎందుకు అలిసిపోతున్నాడట? నిజంగా అంత తొందరగా అలిసేవాణ్ణి కాదట. దాన్నీ సరిచేశారు. తర్వాత రోజూ ఫోనే. కార్ఖానా మూసేశారని, నిద్ర పట్టడం లేదని, గుండెలో దడగా ఉంటోందని సెక్రటరీ చెప్పుకుంటూ పోయేవాడు, ఈయన వింటూ కూర్చునేవారు. నెలాఖరు వచ్చింది. బాబాయే కదిపారు, "పిల్ల ఇంకా గది చూస్తనే ఉన్నది సాబ్" అని. "అబ్ కహా జాయేగీ బేచారీ, రహనే దో" అన్నాడు సెక్రటరీ. పాపం ఇప్పుడెక్కడికి పోతుంది, ఉండనివ్వు అని. నేను మెట్ల మీద కూర్చుని ఆ మాట విన్నాను. సంతోషం కూడా వెయ్యలేదు, అంత అలిసిపోయి ఉన్నాను. గదిలోకెళ్లి బట్టలైనా మార్చుకోకుండా పడి నిద్రపోయాను.

రెండో ఏడు మళ్లీ ఆసుపత్రికి జనం కుప్పలుగా రావడం మొదలయ్యాక బాబాయికి జ్వరమొచ్చింది. మా ఆసుపత్రిలోనే చేర్పించాను. ఆఖరి సాయంత్రం వెళితే, ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపి, "కూసో జర" అన్నారు. స్టూలు మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి నా ప్లాస్టిక్ గౌను చేతి మీద ఆయన చెయ్యి ఉంది. నన్ను లేపకూడదనేమో, కదపకుండా ఉంచారు. నా కన్నతండ్రి కూడా నన్ను అంత అపురూపంగా చూసుకోలేదు. ఈ మాట ఆయనతో అనలేదు, అనే ఓపిక లేదు అప్పుడు.

పసిబిడ్డను చూసుకుంటూ కూతురి దగ్గరే ఉండిపోయిన చిన్నమ్మ దహనానికి రాలేకపోయింది. ఫోన్లో చూపించాను. ఆమె ఏడుస్తుంటే నేను ఫోను ఆమెకు కనిపించేలా పట్టుకున్నాను, అంతే చెయ్యగలిగాను. ఎండ మండిపోతుండగా సొసైటీకి తిరిగొచ్చి, రెయిలింగ్ పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కాను. మా అంతస్తు మలుపులో సెక్రటరీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. శ్మశానం నుంచి వచ్చాక స్నానం చెయ్యాలి కదా, నాకోసం బకెట్‌తో వేణ్ణీళ్లు తెచ్చి పెట్టుకున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో, గోడకు తల ఆనించి నిద్రపోయాడు. మాస్కు గడ్డం కిందికి జారింది. మీసం నెరిసిపోయింది. బకెట్‌లో వేలు పెట్టి చూశాను, నీళ్లు చల్లారిపోయాయి. లేపబుద్ధి కాలేదు. కింది మెట్టు మీద నేనూ కూలబడ్డాను.