వంతెనకు కప్పు ఎవరి కోసం?

నా చిన్నప్పుడు మా పేట పుంగ్గోల్‌లో ఈ ఫ్లాట్లు లేవు. కోళ్ల షెడ్లు, మధ్యలో బురద వాగు, వాగు మీద ఆకు కప్పు వేసిన చెక్క వంతెన ఉండేవి. ఇవతల మా ఇళ్లు, అవతల మా సంఘం ఆరాధనకు కూడుకొనే రేకుల పాక.

ఆ సంగతి ఇప్పుడెందుకంటే, మా సంఘంలోని సాఫ్ట్‌వేర్ అబ్బాయి నా ఓపికను పరీక్షిస్తున్నాడు. సిటీ నడిబొడ్డున తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం. అందరూ వెబ్‌సైట్లు పెడుతున్నారని సంఘానికీ ఒకటి పెట్టి, అందులో వంతెన చరిత్ర రాశాడు. నడిచేవాళ్లు తడవకూడదని కప్పు వేశారట! తప్పని మూడు ఆదివారాలు చెప్పాను. "కప్పు కప్పే కదా ఆంటీ. కట్టిన సంవత్సరం చెప్పండి, చాలు లా" అంటాడు. ఈ దేశానికి వచ్చి రెండేళ్లు కాలేదు, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' మాత్రం వచ్చేసింది.

అయితే ఎనిమిదేళ్లప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ క్రిస్మస్‌కు సంఘం ముందు బైబిల్ కంఠత వాక్యం చెప్పవలసింది నేను. మా నాయనమ్మ కుచ్చుల తెల్ల గౌను కుట్టి మేకుకు తగిలించింది. సరిగ్గా దాని పైనే ఇంటి కప్పు కారుతోంది. బాగుచేస్తానని మా తాతయ్య నెలరోజులు కూర్చుని ఆకు తడికెలు అల్లాడు. తీరా పండుగ రెండు రోజులుందనగా, అన్నీ నెత్తిన పెట్టుకుని వంతెన దగ్గరికి పట్టుకుపోయాడు.

"ఇంట్లో వాన, వంతెన మీద పందిరి! అక్కడే కాపురం పెడదాం పదండి" అంది నాయనమ్మ. నేను ఏడుస్తూ తాతయ్య వెంటపడ్డాను. వంతెన దాటడానికి రెండు నిమిషాలు, ఆ కాసేపు తడిస్తే ఏమవుతుందని అరిచాను.

"ఏమీ కాదు. మనం తడిస్తే ఆరిపోతాం" అని, నా చేతికొక మేకు ఇచ్చాడు. పైన కప్పు చిల్లుపడిన చోట, కాళ్ల కింది పలకలో గుచ్చమన్నాడు. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు తలదాకా దిగింది. రెండడుగుల అవతల, కప్పు బాగున్న చోట, నా బొటనవేలు నొప్పెట్టింది గాని ఇంకో మేకు దిగలేదు.

"కప్పు నీ నెత్తికి కాదమ్మా, నీ కాళ్ల కింద ఉన్నదానికి" అన్నాడు.

మెత్తబడిన పలక మార్చి, దాని పైన కొత్త తడికెలు కట్టాడు. మర్నాడు కుండపోత. పండుగ నాటికి వాగు పలకల దాకా పొంగింది. కళ్లు కనపడని పక్కింటి అవ్వతో సహా సంఘమంతా ఆ వంతెన మీదే నడిచి ఆరాధనకు వచ్చింది. నా గౌను మీద మాత్రం ఛాతీ నిండా టీ రంగు మరక. ఓర్పు గురించిన వాక్యాన్ని పళ్లు కొరుకుతూ అప్పజెప్పాను.

ఈ ఆదివారం నేనూ ఒక మేకు పట్టుకెళ్లి ఆ అబ్బాయి ముందు పెడతాను. వంతెన ఎప్పుడో పోయింది. అయినా మోకరించిన ప్రతి ఉదయం ముందు పదిమంది కాళ్ల కింద ఉన్నదాని కోసం అడుగుతాను, ఆ తరువాతే నా నెత్తి మీది కప్పు కోసం. మా తాతయ్య నేర్పిన వరుస అది. ఆ గౌను సంగతి మాత్రం, ప్రభువు దగ్గరికి వెళ్లాక తాతయ్యనే నిలబెట్టి అడుగుతాను.