ఎఫెసులో బూట్లు విడిచిన చోటు

ఎనభైల మొదట్లో ఒక మార్చి నెల, శనివారం ఉదయం. డెట్రాయిట్ పక్కనున్న మా నోవై ఊళ్లో ఇంకా మంచు కరగలేదు. ఎనిమిదింటికల్లా డెట్రాయిట్ విమానాశ్రయం చేరాం. మా తెలుగు ప్రార్థన సంఘంలోని ఏడు కుటుంబాలూ టర్కీలోని ఎఫెసుకు ప్రయాణం కట్టాయి. విడ్డూరమేమిటంటే, అప్పటికి నెల్లాళ్లుగా మాలో సగం మందికి మిగతా సగంతో మాటల్లేవు. తగువుకి ముందే టిక్కెట్లు కొన్నాం, వాపసు తీసుకోరు. అందుకని మూతులు ముడుచుకునే విమానం ఎక్కాం.

తగువంతా బూట్ల గురించి. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రాలు ఆరాధన జరుపుకుంటాం. కార్ల కంపెనీ ఇంజినీరు యేసుదాసుగారిది బాపట్ల. మన వైపు లాగే గుమ్మం బయటే విప్పాలని ఆయన పట్టు. పిల్లల డాక్టరు సుగుణక్కది కాకినాడ. "ఆ చల్లటి సిమెంట్ ఫ్లోర్ మీద వట్టికాళ్లతో గంటసేపు నిలబడితే నా కాళ్లు నావి కావు బ్రదర్," అంటుంది. మాటా మాటా పెరిగి, ఈస్టర్ తర్వాత ఎవరి ఆరాధన వారిదే అనేదాకా వచ్చింది. నేను నర్సుని, వారమంతా నాకు ఇంగ్లీషే గతి. తెలుగులో నోరారా పాడుకునేది ఆ రెండు గంటలే. ఉన్న ఏడు కుటుంబాలూ చీలితే ఇక పాడేదెవరు, నా మొహం!

న్యూయార్క్‌లో విమానం మారి, ఇస్తాంబుల్ మీదుగా ఇజ్మీర్ చేరేసరికి ఆదివారం సాయంత్రమైంది. సముద్రం ఒడ్డున చిన్న హోటల్లో దిగాం. మర్నాడు పొద్దున రొట్టె, ఆలివ్ కాయలు, టమాటాలు పెట్టారు. గోంగూర పచ్చడి సీసా సుగుణక్కది కాబట్టి యేసుదాసుగారి పక్షం వట్టి రొట్టె నమిలింది.

తొమ్మిదింటికి బస్సెక్కాం. బస్సు మనిషి వచ్చి అందరి చేతుల్లో నిమ్మవాసన వేసే సెంటునీళ్లు పోశాడు. యేసుదాసుగారు నూనె అనుకుని తలకి పట్టించారు. వెనక సీట్లో సుగుణక్క కూడా అదే పని చేసింది. పక్కనున్న టర్కీ పెద్దాయన నన్ను అడిగాడు, "వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లా?" అని.

పదిన్నరకి ఎఫెసు. గేటు దగ్గరే ఒక గైడ్‌ని మాట్లాడుకున్నాం. ఒకప్పుడు ఓడలు ఊరి గుమ్మం దాకా వచ్చేవట. ఏటి ఒండ్రు పూడుకుని సముద్రం మైళ్ల దూరం జరిగిపోయింది. రేవుకు పోయే పాలరాతి వీధి గడ్డిలోకి వెళ్లి ఆగిపోతుంది. కొండవాలున పెద్ద రంగస్థలం. విగ్రహాలు వద్దన్న పౌలు బోధతో బేరాలు పడిపోయిన వెండి కంసాలులు ఊరంతటినీ రెచ్చగొట్టి అక్కడికే తెచ్చారు. పై మెట్టు దాకా ఎక్కి చూశాను, కళ్లు తిరిగాయి. పడిపోయిన గ్రంథాలయం ముఖభాగాన్ని ఏరిన రాళ్లతో అప్పటికి నాలుగైదేళ్ల కిందటే మళ్లీ నిలబెట్టారు. ఆ స్తంభాల కింద నిలబడితే మనం పిపీలికాలం.

అక్కడ గైడ్ సిగరెట్ కోసం ఆగాడు. యేసుదాసుగారు ఆగుతారా? పక్క సందులోని గదిలోకి దారితీశారు. లోపల గోడ వెంబడి పొడుగాటి రాతి బల్లలు, వాటిలో వరసగా గుండ్రటి రంధ్రాలు.

ఆయన బల్లని చేత్తో తడిమారు. "ఆదిమ సంఘం కూడుకున్న చోటండీ ఇది. ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఆ రంధ్రాలు దీపాలకి."

బూట్లు విప్పమన్నారు. అందరం సుగుణక్క వైపు చూశాం. ఆవిడ వంగి లేసులు విప్పుకుంది. "పౌలు తిరిగిన చోట నాకేం పట్టుదల బ్రదర్," అంది. ఆయన కళ్లు నిండిపోయాయి. సంచీలోంచి తన ఉన్నిసాక్సులు తీసి ఆవిడకిచ్చారు. బల్లల మీద కూర్చుని పాట పాడాం. మమ్మల్ని విడదీయవద్దు ప్రభువా అని ఆయన ప్రార్థన చేస్తుంటే నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఆమెన్ అనేసరికి గైడ్ గుమ్మంలో ఉన్నాడు. "బూట్లెందుకు విప్పారు? ఊళ్లో ఇంకెక్కడైనా విప్పొచ్చు గానీ ఇక్కడ కాదు. ఇది ఊరుమ్మడి మరుగుదొడ్డి," అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? చలికాలంలో షావుకార్లు ముందు బానిసల్ని కూర్చోబెట్టి రాయి వెచ్చచేయించుకునేవారని కూడా చెప్పాడు.

సుగుణక్క నోరు తెరిచింది. చలి మాట ఎత్తిందా, ఇక సంఘం గోవిందా! కానీ ఆవిడ నోరు మూసుకుని, వంగి లేసులు కట్టుకుంది. యేసుదాసుగారు మాత్రం తల దించుకుని బస్సెక్కారు. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఇస్తాంబుల్లో ఉన్న రెండ్రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దరికం పోయిన మనిషి ఇంక సంఘానికి రాడనే అనుకున్నాను.

వెళ్లేవాళ్లకి ఒక్కటే చెబుతాను. ఎఫెసు తప్పకుండా చూడండి, అంత గొప్ప ఊరు నేనెక్కడా చూడలేదు. కానీ గైడ్ సిగరెట్ అయ్యేదాకా ఆగండి.

న్యూయార్క్ నుంచి డెట్రాయిట్ విమానంలో సుగుణక్క లేచి వెళ్లి ఆయన పక్క సీట్లో కూర్చుంది. వెనకనే ఉన్న నేను చెవులు రిక్కించాను.

"బ్రదర్, ఆ ప్రార్థన దేవుడు విన్నాడంటారా?"

ఆయన కిటికీ తెర దించారు. "వినే ఉంటాడు డాక్టర్‌గారూ. ఆయన చోటు చూడడు, కాళ్లకేం తొడిగామో చూడడు."

"ఆ మాట ఆదివారం అందరి ముందూ అంటారా?"

"అంటానమ్మా," అన్నారు. "ఎక్కడ తెలిసొచ్చిందో మాత్రం ఎవర్నీ గుర్తు చేయనీయకండి."