వారానికొక్క మనిషి

గుంటూరు బస్టాండులో ప్రత్తిపాడు బస్సు కోసం కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ చీరకు పట్టిన మిర్చి ఘాటుకి రెండుసార్లు తుమ్మాను.

"ఏమనుకోకండి, మీ ఫోన్లో ఒక సైటు తెరుస్తారా?" అంది.

అనుమానంగా చూశాను. అప్పుడు తనే చెప్పింది. మిర్చి చేలో పురుగు కనిపిస్తే రైతు వెంటనే అందులో రాయాలని, చుట్టుపక్కలవాళ్లు జాగ్రత్తపడాలని ఆ సైటు తానే తయారుచేసిందట. ఉచితంగా ఇచ్చే సర్వర్లో పెట్టింది. వారంపాటు ఎవరూ తెరవకపోతే ఆ సర్వరువాళ్లు దాన్ని ఆపేస్తారు. అందుకే వారానికొక్కరితోనైనా ఇలా అడిగి తెరిపిస్తుందట.

నేను మంగళగిరిలో చేసేదీ ఇలాంటి సైట్ల పనే. "దానికి మనుషులెందుకండీ? రోజూ దానంతటదే తెరుచుకునేలా నాలుగు లైన్ల స్క్రిప్టు రాస్తే చాలు," అన్నాను.

"తెలుసండి, ఎంతసేపు పని అది," అంది. "కానీ అప్పుడు వచ్చింది మనిషో కాదో నాకు తెలీకుండా పోద్ది."

తెరిచాను. పేజీ రావడానికి చాలాసేపు పట్టింది. అన్నిటికంటే చివర, కిందటేడు ఆవిడ రాసిందే ఉంది: "మా చేలో పురుగు పడింది. ఇంకెవరి చేలో అయినా ఉంటే చెప్పండి." దాని కింద ఏమీ లేదు.

ఇంతలో బస్సొచ్చింది.

ఇంటికెళ్లాక ఆ నాలుగు లైన్లూ నేనే రాశాను. ఇప్పటికీ రోజూ పొద్దున్నే నా కంప్యూటరు ఆ పేజీని తెరిచి మూసేస్తుంది. ఎవరో క్రమం తప్పకుండా వచ్చి చూస్తున్నారని ఆవిడ అనుకుంటూ ఉంటుంది.

నేను మాత్రం మళ్లీ తెరవలేదు.