రత్నం సార్ గిటారు, నా నాలుగు దెబ్బలు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజమని నా డ్రమ్ము కర్రల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. మారేడ్‌పల్లిలో నన్నెరిగినవారు ఈ వాక్యం చదివి ముసిముసిగా నవ్వుతారని తెలుసు. నవ్వండి. వానకు కొట్టుకుపోయిన నా డ్రమ్ము వారం తర్వాత తనంతట తానే ఇంటికి తిరిగొచ్చిందని నేను చెప్పే సంగతి నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఇది మాత్రం సంస్మరణ. గతించిన మహనీయుని ముందు నిలబడి కోతలు కోసేంత ధైర్యం నాకు లేదు.

గిటారు విద్వాంసులు శ్రీ సుందరరత్నం గారు మొన్న ఆదివారం ఉదయం ఆరాధనకు బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కుంటూ, వసారాలోనే ఒరిగిపోయారు. వారి సతీమణి ఎస్తేరమ్మ గారు ఫోన్ చేసి, "యాదగిరీ, మీ సార్ వెళ్ళిపోయారయ్యా" అన్నారు. "ఎక్కడికి పోయిన్రమ్మా? ప్రోగ్రాం ఏమన్నా ఉన్నదా? నాకు చెప్పనే లేదు" అన్నాను. ఆమె మాట నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అంతటి వార్తను మోయడానికి నా చెవులు సిద్ధంగా లేవు.

సార్‌కు పగలంతా సర్కారు ఆఫీసులో ఫైళ్ళు, సాయంత్రమైతే గిటారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి, సికింద్రాబాదునే తన వేదికగా చేసుకున్నారు. పెళ్ళి విందుల్లో, క్లబ్బుల్లో, క్రిస్మస్ వేడుకల్లో ఆయన తీగ మీద వేలు పెడితే ప్లేట్లో చేయి పెట్టినవారు ఆగిపోయేవారు. మొదట్లో మాది నలుగురి బృందం. డ్రమ్ములు నావి. ఆ తర్వాత ట్రాకులొచ్చాయి. గిటారు ఒక్కటి తప్ప తక్కిన వాద్యాలన్నీ ముందే నింపిపెట్టిన క్యాసెట్టు అది. దాన్ని వెనక మోగిస్తూ ముందు ఒక్క కళాకారుడు వాయిస్తే సరిపోతుంది. ఒక్కడినే పిలిచే రోజులు మొదలయ్యాయి. బృందం చెదిరిపోయింది. నేను నేరేడ్‌మెట్‌లో ఇంటికి చేరాను, నా డ్రమ్ముల మీద మా ఆవిడ వడియాలు ఎండబెట్టింది. వేరే పని చేతకాని మనిషికి అంతకన్నా స్పష్టమైన తీర్పు మరొకటి ఉండదు.

అటువంటి వేళ మా గుమ్మం ముందు ఆయన స్కూటర్ ఆగింది.

"ఏమయ్యా యాదగిరీ, ఖాళీగా ఉన్నావా?"

"మీ క్యాసెట్టు పుణ్యమా అని మస్తు ఖాళీగున్న సార్. నన్ను తీసేసి డబ్బా తెచ్చుకున్నరు. మంచిగున్నది, అది చాయ్ సుత అడగదు."

"అడగదులే. కానీ దానికి చెవులు లేవుగా. ఏ ట్రాకు నాతో నడుస్తుందో, ఏది నా మీదెక్కి తొక్కుతుందో అది చెప్పలేదు. వెనక కూర్చునేవాడికే తెలుస్తుంది ఆ సంగతి."

"అంటే ఏందీ సార్? నా పని గుంజుకున్నదాన్ని నేనే ఏరి మీకియ్యాలా?"

"అవును. నీ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నువ్వు కాక ఇంకెవరు చెప్తారయ్యా?" అన్నారు.

కోపం రావలసిన మాట. ఎందుకో రాలేదు. వడియాలు పక్కకు జరిపి, కర్రలు చంకలో పెట్టుకుని స్కూటరెక్కాను.

అప్పటి నుంచి ప్రతి శనివారమూ మారేడ్‌పల్లిలో వారి ఇంట మా ట్రాకుల పరీక్ష జరిగేది. టేప్‌రికార్డరు వంటింటి గట్టు మీద, మేమిద్దరం గుమ్మం దగ్గర పీటల మీద, పొయ్యి దగ్గర ఎస్తేరమ్మ గారు. సార్ సిద్ధాంతం ఒక్కటే. "ట్రాకులో ఒక కుర్చీ ఖాళీగా ఉండాలి. అందులో కూర్చోవలసినవాణ్ణి నేను." వయొలిన్లు, వేణువులు, గంటలు క్రిక్కిరిసిన ట్రాకు వినిపిస్తే ముఖం చిట్లించేవారు. "ఆఫీసు వేళకి సిటీ బస్సులా ఉందయ్యా. నిలబడడానికైనా చోటు లేదు, ఆపు." చివర్లో సద్దు తగ్గుతూ తగ్గుతూ మాయమయ్యే ట్రాకులంటే మరీ మంట. వేదిక మీద మనిషి ఇంకా వాయిస్తుంటే వెనకవాళ్ళు ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినట్టుంటుందట. ఎక్కడ చప్పట్లు కొట్టాలో జనానికీ తెలియదు. గట్టిగా ఒక్క దెబ్బతో ముగిసేదే ఆయనకు ట్రాకు.

ఆ పరీక్షలో తెలియకుండానే ప్రధాన న్యాయనిర్ణేత ఎస్తేరమ్మ గారు. ట్రాకు మోగుతుండగా ఆమె కూనిరాగం తీశారంటే అది పనికిరాదన్నమాట. పాటంతా ట్రాకే పాడేస్తోంది, గిటారుకు మిగిలిందేమీ లేదు. ఆమె పట్టించుకోకుండా పోపు వేసుకుంటూంటే అందులో ఖాళీ ఉన్నట్టు. ఈ రహస్యం ఆమె ఎన్నాళ్ళకో కనిపెట్టారు.

"నాకు నచ్చిందంటే చాలు, అవతల పారేస్తారు. మరి నన్నెలా ఒప్పుకున్నారో పెళ్ళిచూపుల్లో!"

"అప్పుడు నువ్వు పాడలేదుగా" అన్నారు సార్.

"జెర చూస్కోండి సార్, గంటె అమ్మ చేతిలున్నది" అన్నాను నేను.

ఏరిన ప్రతి ట్రాకుకూ మొదట్లో నా కర్రలతో నాలుగు దెబ్బలు కలిపించేవారు. టక్, టక్, టక్, టక్. ఎక్కడ ఎత్తుకోవాలో ఒంటరిగా నిలబడ్డ మనిషికి తెలియడానికి అది ఆనవాలు. ఆ పని యంత్రమే చేయగలదని స్టూడియో వాళ్ళు చెప్పినా వినలేదు. "యంత్రం కొడితే లెక్క వినిపిస్తుంది. యాదగిరి కొడితే రమ్మని పిలిచినట్టుంటుంది" అనేవారు. కచేరీ చివర్లో మైకు ముందుకొచ్చి, తన పేరు చెప్పుకోవడం మరచినా సరే, "డ్రమ్స్ మీద, యాదగిరి" అని ప్రకటించేవారు. జనం మెడలు చాచి డ్రమ్ముల కోసం వెతికేవారు. నేను క్యాసెట్ల సంచీ పట్టుకుని లేచి నిలబడి, దర్జాగా నమస్కారం పెట్టేవాణ్ణి.

ఒకసారి ఒక ఫంక్షన్ హాలు మేనేజరు నన్ను చూసి పరేషాన్ అయ్యాడు. "ఒక్కరే వస్తరనుకున్నం సార్. ఈయనెందుకు? బటన్ వత్తుడేగా, మా వెయిటర్ సుత వత్తుతడు."

"నొక్కడానికి కాదండీ" అన్నారు సార్, ఎంతో మర్యాదగా. "ఏది నొక్కకూడదో తెలియడానికి."

ఆ సాయంత్రమే దానికి ఉదాహరణ కూడా దొరికింది. ముందు వరుసలో పెళ్ళికూతురి తండ్రి రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. వరుస ప్రకారం తరువాతది గంతులేయించే పాట. నేను దాన్ని తీసేసి నెమ్మదైనది పెట్టాను. సార్ వెనక్కి తిరగలేదు, ఒక్కసారి తల ఊపారు. ఆ తల ఊపు నాకు ఎన్ని శాలువాలకైనా సమానం.

ఇక ఆయన ఘనతకూ మా మైత్రికీ పరాకాష్ఠ అనదగ్గ సంఘటన యాప్రాల్‌లో జరిగింది. పెళ్ళి భోజనాల వేళ, మిట్టమధ్యాహ్నం, పాట నడిమధ్యలో కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది. ట్రాకు ఆగింది, మైకు ఆగింది. సార్ నిస్సహాయంగా నా వైపు చూశారు. నేను ఒక్క ఉదుటున వేదిక దిగి వంటశాలలోకి పరుగెత్తి, ఖాళీ అయిన బిర్యానీ డేగ్, అంత పెద్ద గుండిగను, బోర్లించి, రెండు గరిటెలు అందుకున్నాను. ఆ నాదానికి హాలు గోడలు కంపించాయి. వంటవాళ్ళు తాళం వేశారు. పెళ్ళికొడుకు మేనమామ, మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి కదలనివాడు, లేచి ఆడాడు. ఆట ముగిశాక నొప్పులు కూడా పోయాయని విన్నాను. సార్ కన్నీళ్ళతో నన్ను కౌగిలించుకుని, "నువ్వు లేకపోతే నేను లేనయ్యా" అన్నారు.

అంతటి సహృదయుడు, అంతటి రసజ్ఞుడు ఇక లేరు. మృదుభాషణం, నిరాడంబరత, నాదోపాసన, ఇన్ని సుగుణాలు ఒక్కచోట కొలువుండడం నేను మరెక్కడా చూడలేదు. గిటారు వాయించేవారు ఈ ఊళ్ళో ఇంకా వస్తారు. తన వెనక కూర్చున్నవాణ్ణి జనానికి చూపించేవారు వస్తారో రారో చెప్పలేను. ఆయన పాదాలకు నా నమస్సుమాంజలి.

ఇక్కడితో ముగిస్తే వ్యాసం అందంగా ఉండేది. కానీ మొదట్లో ఒట్టు వేశాను.

యాప్రాల్‌లో డేగ్ లేదు. గరిటెలు లేవు. మేనమామ ఉన్నాడు గానీ ఆడలేదు. కరెంటు పోయిన మాట నిజం. పోయినప్పుడు నేను చచ్చిన టేప్‌రికార్డరు పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సార్ నా వైపు చూడనూ లేదు. మైకు పక్కకు జరిపి, వేదిక అంచున కూర్చుని, ఒక్క గిటారుతో వాయిస్తూ పోయారు. జనం కుర్చీలు లాక్కుని దగ్గరకొచ్చారు. వడ్డించేవాళ్ళు బకెట్లు కింద పెట్టేశారు. ఆయన అంత బాగా వాయించడం అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నేను వినలేదు. ఆయనకు ట్రాకు అక్కర్లేదు. ట్రాకు ఏరేవాడు అసలే అక్కర్లేదు. ఆ హాల్లో అందరికీ తెలిసినట్టే నాకూ తెలిసింది, ఆయనకైతే ఎప్పుడో తెలిసి ఉండాలి. ఇంటికొచ్చి మా ఆవిడతో, "ఇగ అయిపోయిందే, మళ్ళ వడియాలు పెట్టుకో" అన్నాను.

శనివారం పొద్దున్నే స్కూటర్ వచ్చి ఆగింది. సార్ చేతిలో ఎప్పటి సంచీ.

"ఎక్కవయ్యా. పది క్యాసెట్లు తెచ్చాను. ఏది మంచిదో నాకు తేలడం లేదు, నువ్వు లేకపోతే కుదరడం లేదు" అన్నారు, చాలా దిగాలుగా ముఖం పెట్టి.

జీవితమంతా కోతలు కోసి బతికినవాణ్ణి, ఎదుటివాడు కోస్తే గుర్తుపట్టలేనా? గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టే స్కూటరెక్కాను. నేనెరిగినంతలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. క్యాసెట్లు పోయి సీడీలొచ్చినా, సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లొచ్చినా, మొన్నటి శనివారం దాకా ముఖంలో చిన్న చిరునవ్వు కూడా లేకుండా దాన్ని నిలబెట్టుకున్నారు. నేను ఇన్నేళ్ళలో కోసిన కోతలన్నీ ఒక్కచోట పోసినా దాని ముందు తూగవు.