తమంతట తాము పెరిగిన సెల్స్

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చార్టమ్మ అంటారు. గోడ కనబడకుండా కాగితాలు అంటిస్తుందని ఆ పేరు. కొత్తగా తయారైన బ్యాటరీ సెల్స్‌ను ఎప్పుడు, ఏ వరుసలో పరీక్షించాలో ప్లాన్ వేయడం ఆమె పని. పదకొండేళ్లు ఇతరుల ప్లాన్లకు శుభ్రప్రతులు తీశాక, సొంతంగా వేసిన మొదటిది ఇదే. పన్నెండు వేల సెల్స్ ఉన్న ఒక లాటు. ట్రేకు అరవై నాలుగు. వోల్టేజీ కొలిచి, పద్నాలుగు రోజులు ర్యాకుల్లో ఉంచి, మళ్లీ కొలవాలి. బాగా తగ్గినది పనికిరాదు.

ఆ ఉదయం రెండో కొలతలు వచ్చాయి. వేలకొద్దీ సెల్స్‌లో వోల్టేజీ బాగా తగ్గింది. నాలుగింటికల్లా ఆమె సంతకం పెట్టాలి, పెడితే లాటంతా తుక్కే.

"ఇంకా ఏం చూస్తున్నావమ్మా? తగ్గాయి కదా!" అన్నాడు మేనేజరు.

"అన్నీ తగ్గలేదు సార్. దాదాపు సగం పెరిగాయి."

"ఊరికే కూర్చుంటే ఎలా పెరుగుతాయి? నాలాగానా?" అంటూ పొట్ట తడుముకున్నాడు.

నవ్వు రాలేదామెకు. మీటరు మార్చి చూసింది. గది వేడి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే పెట్టేసింది. ఏమీ పాలుపోక ర్యాకుల గదికి నడిచింది. అక్కడ ట్రేలు మోసే పెద్దాయన ఒక ట్రే లాగుతున్నాడు.

"ఇటునుంచి తీస్తున్నావేంటి బాబాయ్? పెట్టింది అటునుంచి కదా?"

"అటు సందులో బండి అడ్డం పెట్టి వారమైంది. ర్యాకుకి రెండు వైపులా దారుంది కదా, ఇటునుంచే లాగుతున్నా."

"మరి ట్రే తిప్పి కొలిచే మిషన్లో పెట్టావా?"

"నేనెందుకు తిప్పుతానమ్మా? తీసింది తీసినట్టే పెట్టాలని నువ్వే కదా గోడకి అంటించావు!"

చార్టమ్మ గోడ వైపు చూసింది. ఎర్ర సిరాతో, తన చేతిరాతే. ఇటునుంచి తీసిన ట్రే మిషన్లోకి వెనక వైపు ముందుగా వెళ్లింది. మిషన్ ట్రే నంబరు చదువుతుంది, ట్రే ఎటు తిరిగి ఉందో చదవదు. ఒకటో సెల్ కొలత అరవై నాలుగో దాని ఖాతాలో పడింది.

ఆ ట్రేనే సరిగ్గా తిప్పి కొలిపించింది. తగ్గాల్సినంతే తగ్గాయి. ముప్పై ఏడోది మాత్రం ఇంకా పెరిగే ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

నాలుగింటికి మేనేజరు ముందు కాగితం పెట్టింది. లాటంతా మళ్లీ కొలవాలి. కారణం: ప్లానులో నా తప్పు.

"నీ తప్పని రాయాలా?"

"మరెవరిదని రాయమంటారు సార్?"