కప్పు కింద సిగ్నల్

2023 వర్షాకాలంలో ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని ఒక రేకుల షెడ్డుకు కొత్త లైట్లు బిగించే పని నాకు వచ్చింది. ఏడుగురు కలిసి అద్దెకు తీసుకుని, ఎవరి బల్ల దగ్గర వారు పనిచేసుకునే షెడ్డు అది. పాత ట్యూబులు తీసేసి, రంగు మార్చుకోగల స్మార్ట్ ఎల్‌ఈడీలు పెట్టాలి. బట్టలు కుట్టే రమణమ్మక్కకు దారం రంగు పోల్చుకోవడానికి తెల్లటి వెలుగు కావాలి. షెడ్డు సెక్రటరీ, ఫ్యాన్లు బాగుచేసే మిత్రా దాదాకు సాయంత్రాలు కళ్లు మండని పసుపు వెలుగు కావాలి. ఈ తెలుపు పసుపుల తేడానే మా పనిలో కలర్ టెంపరేచర్ అంటాం. ఫోన్ మీద వేలు జరిపితే మారిపోతుంది.

నేను మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం బడి పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను. నిచ్చెన ఎక్కేముందు ప్రార్థన చేసుకోనిదే నాకు చేయి ఆడదు. రమణమ్మక్క ఊరుకుంటుందా?

"సామేలూ, నీ దేవుడితో మాటలైపోతే ఎక్కు నాయనా. సీకట్లో నాకు సూదే కనపడ్డంనేదు."

షెడ్డు మూలన ఒక లేత్ ఉంది. కర్రను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం. దాని మీద అప్పలస్వామి మామ చపాతీ కర్రలు, బొంగరాలు చేస్తాడు. రైల్వే యార్డులో బోగీలు కలిపే, విడదీసే షంటింగ్ పనిచేసి రిటైరైన మనిషి. వయసుతో వినికిడి పూర్తిగా పోయింది. అంతకుముందు నెలలో ఆ లేత్ బెల్టు చిరగడం మొదలైతే షెడ్డంతా కేకలు పెట్టింది. మామకు ఒక్కటీ వినబడలేదు. బెల్టు తెగి ఎగిరి రమణమ్మక్క మిషను మీద పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, వచ్చే ఆదివారం షెడ్డు సమావేశంలో మామ దగ్గర లేత్ తాళం తీసేసుకోవాలని దాదా అనుకున్నాడు.

"పిలిస్తే వినబడదు. రేపు ఎవరి కన్నో పోతే నేనేం చెప్పాలి, బోలో?" అన్నాడు నాతో. దాదా అన్నదీ తప్పు కాదు.

సంగతి కాగితం మీద రాసి మామకు చూపించారు. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ ఉలి అందుకున్నాడు.

శుక్రవారానికి లైట్లన్నీ బిగించి, రంగులు ఒక్కొక్కటే వేసి చూస్తున్నాను. నీలం వేస్తే, "ఏటిది, జాతరా?" అంది రమణమ్మక్క. ఎర్ర రంగు వేయగానే అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మూలనుంచి వచ్చే చప్పుడు ఆగిపోయింది. మాకు వీపు చూపించి పనిచేసుకుంటున్న మామ లేత్ ఆపేసి, రెండు చేతులూ పైకెత్తి కప్పు వంక చూస్తున్నాడు.

"ఏటైంది? ఎర్రెందుకిచ్చినారు?" అని షెడ్డు అదిరేలా అడిగాడు.

"ఎవుడూ సెప్పనేదు. తనే ఆపీసినాడు," అంది అక్క, నోటి మీద చేయి వేసుకుని.

ఎందుకు ఆపావని కాగితం మీద రాసి అడిగాను. "యార్డులో ఇంజను పక్కన అరిస్తే ఎవుడికినబడతాది? ముప్పై ఏళ్లు జెండాలు, దీపాలతోనే బళ్లు ఆపినాను. ఎర్ర సూసినాక ఆలోసించేదేటుంది?"

కేకకు బదులు ఎర్ర వెలుగుతోనే మామను ఆపొచ్చని నా బుర్రలో మెరిసింది. శనివారం దాదాను నిలబెట్టి ఫోన్‌లో ఎర్ర రంగు నొక్కాను. లైట్లు మారేసరికి నేను నాలుగు లెక్కపెట్టాను. ఈ రకం లైట్లకు మనం చెప్పిన మాట ఇంటర్నెట్‌లో ఎక్కడో దూరానున్న సర్వర్‌కు వెళ్లి తిరిగి రావాలి.

"ఈలోగా బెల్టు నా నెత్తిన ఉంటుంది," అన్నాడు దాదా.

సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే హబ్ పెట్టాను. ఇంటర్నెట్‌తో పని లేకుండా షెడ్డు లోపలే లైట్లతో నేరుగా మాట్లాడే చిన్న పెట్టె అది. ప్రతి బల్లకూ ఒక బటన్ బిగించాను. నొక్కితే మధ్య వరుస మాత్రమే ఎర్రబడుతుంది. పక్క వరుసలు తెల్లగానే ఉంటాయి, ఎవరి చేతులూ చీకట్లో పడకుండా.

ఆదివారం ఆరాధన ముగియగానే సమావేశానికి వెళ్లాను. మామ తలవంచుకుని కర్ర చెక్కుతున్నాడు. పరీక్ష సంగతి ఆయనకు చెప్పలేదు. దాదా తల ఊపాడు, రమణమ్మక్క బటన్ నొక్కింది. ఎర్ర వెలుగు పడీ పడగానే లేత్ ఆగింది. అక్క మళ్లీ నొక్కింది, తెలుపు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మామ మాత్రం కదల్లేదు. కానియ్ అని అక్క చేత్తో సైగ చేసింది. అయినా అలాగే నిలబడ్డాడు.

"చూశావా సామేలూ? ఆయనకు అర్థం కాలేదు," అన్నాడు దాదా నిరాశగా.

అప్పుడు మామ నా వైపు తిరిగాడు. "ఎర్ర తీసీసినావు, సరే. పచ్చేదిరా? సిగ్నలు ఆరిపోతే బండి కదపమని ఏ రూల్లో ఉంది? నువ్వు కరెంటోడివా, టిక్కెట్టు లేని పాసింజరువా?"

రైల్వేలో దీపం ఆరిపోయిన సిగ్నల్ కూడా ఆగమన్నట్టే లెక్క. షెడ్డులో మామ ఒక్కడే ఆ నియమం తప్పకుండా నిలబడ్డాడు. దాదా కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వాడు. నేను అక్కడికక్కడే ఫోన్ తీసి, సంచిలో మిగిలిన బటన్ ఒకదానికి పచ్చ రంగు కలిపాను. దాన్ని దాదాయే నొక్కాడు. మామ కప్పు వంక ఒకసారి చూసి లేత్ తిప్పాడు. తాళం మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వెళుతూ దేవుణ్ణి స్తుతించాను, నన్ను నేను కాస్త తిట్టుకున్నాను. బైబిల్లో దేవుడు నడిపించిన ప్రజలు అరణ్యంలో ఆయన మేఘం నిలిస్తే ఆగారు. అది పైకి లేస్తేనే కదిలారు. ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే అది. నేను మాత్రం ఆగమనే సగం బిగించి, పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత మా ఊళ్లోనే తాల్‌బగీచాలో రెండు షెడ్లకు ఇలాంటి పనే చేశాను. ఎర్ర బటన్ పక్కన పచ్చది బిగించాకే నిచ్చెన మడిచాను.