ప్రధానానికి అడ్డుపడ్డ క్రాంక్ షాఫ్ట్

కారు నడపడం వచ్చిన కుర్రవాడికి పెళ్లి సంబంధాల్లో కాస్త ఎక్కువ గౌరవం దక్కే కాలం అది. తొంభైల మొదట్లో శంషాబాద్ అంటే బెంగళూరు రోడ్డు మీద లారీలు ఆపుకుని చాయ్ తాగే ఊరు. విమానాలు నెత్తిమీదుగా పోవడమే తప్ప ఎప్పటికైనా ఇక్కడే దిగుతాయని ఎవరూ అనుకోలేదు. నేను కాటేదాన్‌లో నీటి పంపులు తయారుచేసే షెడ్డులో కొత్తగా చేరాను. మెకానికల్ డిప్లొమా పెట్టెలో, డ్రైవింగ్ లైసెన్సు జేబులో, నాకు తెలియని యంత్రం లేదన్న ధీమా మొహంలో పెట్టుకు తిరిగేవాణ్ణి. (ఆ మూడింటిలో జనానికి ముందు కనిపించేది మూడోదేనని మా అక్క ఇప్పటికీ అంటుంది.)

ఆ ధీమాను చూసే కాబోలు, నాకు పిల్లనిస్తానన్న పెద్దసారు తన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. పెద్దసారంటే శంషాబాద్ బడిలో హెడ్మాస్టరు. చెప్పేది లెక్కలు. చొక్కా మడతలో, గోడ మీది పటంలో, పిల్లల వరసలో ఎక్కడ వంకర కనిపించినా సరిచేసేదాకా ఆయనకు ఊపిరాడదు. మా ప్రధానం, అంటే నిశ్చితార్థం, నాటి ఉదయం, ప్రార్థన చేయాల్సిన పాస్టరు అయ్యగారిని పాల్మాకుల నుంచి తీసుకురమ్మని నన్ను పంపారు. కారు పాత డీజిల్ బండి. పోవడం బాగానే పోయాను. వచ్చేటప్పుడు, వెనక సీట్లో అయ్యగారు, ముందు ఖాళీ రోడ్డు, కాసేపట్లో నా ప్రధానం. ఉత్సాహం పట్టలేక ఒక కీర్తన అందుకున్నాను. రెండో చరణంలో ఉండగా కింద నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు దెబ్బ వినిపించింది. తర్వాత ఇనప డబ్బాలో రాళ్లు పోసి ఊపుతున్నట్టు చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. దారిన పోయే ట్రాక్టరుకు తాడు కట్టించి కారును ఈడ్పించుకుంటూ నేనూ అయ్యగారూ శంషాబాద్ చేరేసరికి, ఇస్త్రీ బట్టల్లో ఉన్న చుట్టాలంతా వాకిట్లోకి వచ్చి వరసగా నిలబడి చూశారు. ఆ రోజుకు ప్రధానం వాయిదా పడింది.

మర్నాడు రోడ్డు పక్క తన రిపేరు షెడ్డులో మిస్త్రీ చిచ్చా ఇంజిన్ విప్పాడు. లోపల క్రాంక్ షాఫ్ట్ రెండు ముక్కలై ఉంది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ ఆటను తిరుగుడుగా మార్చి చక్రాలకు అందించే లావుపాటి ఉక్కు కడ్డీ అది. అలాంటిది విరిగిందంటే విరిచినవాడు మామూలు వాడు కాడని అందరూ నన్నే చూశారు. పెద్దసారు కోప్పడలేదు. ప్రధానం ఆపేద్దామనీ అనలేదు. నెమ్మదిగా ఒక మాట మాత్రం అన్నారు: "యంత్రం బాధ తెల్వనోడికి మనిషి బాధ ఎట్ల తెలుస్తది? కారణం తేలనీ. ఇగ అప్పుడు చూద్దాం."

అంతే, నాకు కూర్చోవడం చేతకాకుండా పోయింది. డ్యూటీ అయిపోవడం ఆలస్యం, బస్సెక్కి శంషాబాద్ వచ్చి చిచ్చా షెడ్డుకూ రోడ్డుకూ మధ్య తిరిగేవాణ్ణి. తిరిగి తిరిగి ఎదురుగా ఉన్న చాయ్ హోటలుకు వెళితే, అక్కడా నిలబడే తాగేవాణ్ణి. పెళ్లికూతురి మేనమామ, చడావు ఎక్కేటప్పుడు గేరు మార్చకుండా తొక్కి ఉంటాడని తేల్చాడు. పక్కింటి రిటైర్డు బస్సు డ్రైవరు, క్లచ్ మీద కాలు పెట్టి తోలే రకమని నా చెప్పు అడుగు చూసి చెప్పాడు. చిచ్చా అయితే నేనుంటే ఆయిల్ తప్పనీ, పెద్దసారు ఉంటే డ్రైవింగ్ తప్పనీ, ఇద్దరం ఉంటే అల్లా దయ అనీ అనేవాడు. చివరికి నా ఆశంతా అయ్యగారి సాక్ష్యం మీద పెట్టుకున్నాను. ఆయన అబద్ధమాడని మనిషి. "పిల్లగాడు మంచోడే. జర జోరుగ వచ్చిండు. పాట గూడ పాడిండు," అని ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లిపోయారు.

అప్పుడొక సాయంత్రం పెళ్లికూతురే వచ్చింది. పట్నంలో పెద్ద దవాఖానలో, ఎముకల వార్డులో నర్సు. డ్యూటీ నుంచి తిరిగివస్తూ, తెల్ల చీరతోనే షెడ్డు ముందు ఆగింది. అంతకుముందు మేమిద్దరం మాట్లాడుకున్నది పెద్దల ముందు నాలుగు మాటలే. ఆ ఐదో మాట క్రాంక్ షాఫ్ట్ గురించి అవుతుందని నేను ఊహించలేదు. ఆమె వంగి ముక్కల్ని చూసి, "ఇది పాత పగులా, కొత్తదా?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. ఇన్నాళ్లూ ఎలా విరిచానా అని ఆలోచించానే గాని, ఎప్పుడు విరిగిందని నన్ను నేను అడగలేదు. కిరసనాయిలుతో ముక్కలు కడిగి వెలుతురులో పెట్టాను. విరిగిన మొహంలో ముప్పాతిక భాగం నల్లగా, నున్నగా, కోసిన మాను మొదట్లో గీతల్లా వంపు గీతలతో ఉంది. ఒక అంచున మాత్రమే పటికబెల్లం ముక్కలా గరుకుగా మెరుస్తోంది. ఆ మెరిసే కొంచెమే నేను విరిచింది. మిగతాదంతా ఎన్నో నెలలుగా చీలుతూ వచ్చినది. బేరింగులు మాడలేదు కాబట్టి ఆయిల్ తప్పు కాదు. ఇక చీలిక ఎక్కడ మొదలైందా అని వేలితో తడిమాను. కడ్డీ పక్క రెక్కను కలిసే మూల గుండ్రంగా ఉండాలి. అక్కడది పెట్టె మూలలా నిటారుగా ఉంది. బరువంతా అలాంటి మూలనే పట్టి చీలుస్తుంది.

కిందటేడు అరిగిన ఆ షాఫ్టును సానపట్టించి గ్రైండింగ్ చేయించింది బుద్వేల్‌లోనని చిచ్చా చెప్పాడు. ముక్కలు పట్టుకుని ఎగిరి గంతేసి అక్కడికి పోయాను. గ్రైండింగ్ ఆయన ముక్కల్ని గుర్తుపట్టి నిట్టూర్చాడు. "నేను గుండ్రంగనే చేసిన అన్నా. సార్ పక్కనే నిలవడి, మూల సాఫ్ లేదు, సక్కగ చెయ్ అన్నడు. పెద్దమనిషి మాటని చేసిన."

ఏ సారని నేను అడగలేదు. అడగనక్కర్లేదు.

ఆ తిరుగు బస్సులో సీటు ఖాళీ ఉన్నా నేను కూర్చోలేదు. చెబితే పెళ్లి పోవచ్చు, చెప్పకపోతే జన్మంతా క్రాంక్ షాఫ్ట్ విరిచిన అల్లుణ్ణి. పట్నం దవాఖాన గేటు దాకా పోయి, చెప్పాలా వద్దా అని ఆమెను అడిగాను. "చెప్పుండ్రి. నలుగురి ముంగట మాత్రం వద్దు," అంది. ఆ మాట అన్నాక నవ్విందో లేదో, గాభరాలో నేను చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గోనెసంచిలో ముక్కలు మోసుకుని బడికి వెళ్లాను. పెద్దసారు సైన్సు గదిలోంచి భూతద్దం తెప్పించి చాలాసేపు చూశారు. మూల గుండ్రంగా ఎందుకుండాలి అని అడిగారు. బల్ల మీది కాగితం తీసి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగాను. సర్రున చిరిగింది. ఇంకో కాగితానికి అంతే లోతున గుండ్రంగా కత్తిరించి ఇచ్చాను. ఆయన లాగారు. ఊరికే చిరగలేదు. ఆయన కళ్లల్లో లెక్క తేలినప్పటి వెలుగు కనిపించింది. మళ్లీ గాటు పెట్టి ఒకటి, గుండ్రంగా ఒకటి తనే కత్తిరించి లాగారు. బల్లంతా కాగితం ముక్కలయ్యాక చేతులు దులుపుకుని, "మూల నేనే సక్కగ చేయించిన," అన్నారు. బల్ల మీది ముక్కల్ని అంచులు కలిపి సర్దుతూ, "పగులు నాది. పాట మాత్రం నీది," అన్నారు.

ఆ సాయంత్రం ఆయనే మేనమామనూ పక్కింటాయననూ పిలిపించి కాగితాలు చించి చూపించారు. మరుసటి ఆదివారం ప్రధానం జరిగింది. (తీసుకురావడానికి బండి పంపుతామంటే అయ్యగారు ప్రేమగా వద్దని, బస్సులో వచ్చారు.)

ఇప్పుడా చాయ్ హోటలూ లేదు, షెడ్డూ లేదు. రోడ్డు వెడల్పులో పోయాయి. మనవల్ని విమానం ఎక్కించడానికి అటు వెళ్లినప్పుడల్లా, చేతులకు నల్ల మరకలతో, ఒక చోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్న బక్కపలచటి కుర్రవాడొకడు నాకు రోడ్డు పక్కన కనిపిస్తాడు. కారాపి, అంతా బాగానే జరుగుతుంది, కాసేపు కూర్చోరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు కూర్చోడు. నాకు తెలుసు కదా వాడి సంగతి.